పది కోట్లకు కొంచెం తక్కువ

నా చిన్నప్పుడు నేను ఒక సంఖ్య మీద పగ పట్టాను. మనుషుల మీద పగ పట్టినవాళ్లను చూశాం, పాముల పగ గురించి విన్నాం. సంఖ్య మీద పగ పట్టి, దాన్ని నోటికొచ్చినట్టు తిట్టి, చివరికి దాన్ని రాసిన పలకను గడప మెట్టుకేసి కొట్టిన మూర్ఖుడు మాత్రం మా పేట మొత్తానికి నేనొక్కడినే అయ్యుంటాను. పగ నాది, పగిలింది పలక. సంఖ్యకు గీత కూడా పడలేదు.

ఆ సంఖ్య ఇది: 9,99,95,239. తొమ్మిది కోట్ల తొంభైతొమ్మిది లక్షల తొంభైఅయిదు వేల రెండువందల ముప్ఫైతొమ్మిది. ఈ వయసులో కళ్లజోడు ఎక్కడ పెట్టానో గుర్తుండదు, పొద్దున మాత్ర వేసుకున్నానో లేదో గుర్తుండదు. ఇది మాత్రం నిద్రలో లేపి అడిగినా తప్పు లేకుండా చెప్తాను. ఇది ఏ రెండు సంఖ్యల గుణకారమో కనిపెట్టడం నాకు పెట్టిన పరీక్ష. నా తెలివి ఎలా ఉండేదంటే, రెండుతో భాగించి ఒకటి మిగిలితే, పట్టు వదలకుండా నాలుగుతో భాగించాను, ఆరుతో భాగించాను, ఎనిమిదితో కూడా భాగించాను. రెండుకే లొంగనిది దాని పిల్లలకు లొంగదన్న సంగతి నాకు తట్టలేదు. మూడుతో భాగిస్తే ఒకటి మిగిలింది. ఏడుతోనూ ఒకటే. తొమ్మిదితోనూ ఒకటే. ప్రతిసారీ ఆ ఒకటి నా వైపు చూసి వెక్కిరిస్తున్నట్టు ఉండేది. నన్ను ఇంట్లో ఎవరూ లెక్క చెయ్యని రోజుల్లో నేను ఇలా లెక్క చేస్తూ కూర్చున్నాను.

మాది బెంగళూరు పాత పేటలో రెండు మగ్గాల ఇల్లు. ముందుగదిలో నేల తవ్వి, గుంతలో కాళ్లు వేలాడేసుకుని కూర్చుని నేసే గుంత మగ్గాలు. ఒక గుంత మా తాతది, రెండోది మా నాయనది. రెండో ప్రపంచయుద్ధం ఆఖరి ఏడు నాయన విషజ్వరంతో పోయాడు. ఆయన గుంత ఖాళీ అయింది. నూలుకు కంట్రోలు ఉన్న కాలం అది. మనిషి కూర్చుని నడుపుతున్న మగ్గానికే నూలు వాటా వచ్చేది. మగ్గం ఆగితే వాటా కూడా ఆగుతుంది. ఒక మగ్గం నూలుతో ఇంటిల్లిపాదీ బతకలేం. కాబట్టి ఆ గుంతలో ఎవరో ఒకరు దిగాలి. దిగగలిగిన మగపిల్లవాణ్ని ఇంట్లో నేనొక్కడినే.

చిక్కేమిటంటే, నాయన పోయే ముందు తాత చెయ్యి పట్టుకుని నన్ను హైస్కూలుకు పంపమని అడిగాడు. తాత సరేనన్నాడు. పోయిన కొడుక్కు ఇచ్చిన మాట ఒక పక్క, ఆగిపోయిన మగ్గం ఇంకో పక్క. ఆ రెంటి మధ్య తాత నెలల తరబడి నలిగాడు. అన్నం ముందు కూర్చుని నన్ను చూసేవాడు, మగ్గాన్ని చూసేవాడు, చెయ్యి కడిగేసుకునేవాడు. ఆయన్ని ఆ నలుగుడులోంచి బయటపడేసే భారం మా చిన్నాన్న తన నెత్తిన వేసుకున్నాడు.

చిన్నాన్న మిల్లులో గుమాస్తా. మా ఇంట్లో మగ్గం దిగి కోటు తొడుక్కున్న మొదటి మనిషి. సైకిలు కూడా ఉండేది. దానికంటే పెద్ద ఆస్తి ఆయన నోటిలెక్క. కాగితం ముట్టకుండా పెద్ద పెద్ద గుణకారాలు చేస్తాడని మిల్లులో పేరు. సాయంత్రం వీధి అరుగు మీద పిల్లలం పోగైతే, తొంభైఎనిమిదిని నూటరెండుతో గుణిస్తే ఎంతరా అని తనే అడిగి, మేం వేళ్లు మడిచేలోపే తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైఆరు అని తనే చెప్పి, తమలపాకు నములుతూ లోపలికి వెళ్లిపోయేవాడు. మేం నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లం. మా నోళ్లలో ఈగలు దూరడానికి ఆయన తెలివి ఎంత కారణమో, మా అమాయకత్వం అంత కారణం.

చైత్ర పున్నమికి మా పేటలో జరిగే కరగ ఉత్సవం అయిపోయిన వారంలో, ఒక ఆదివారం అందరం ఇంట్లో ఉండగా చిన్నాన్న నా పలక అడిగి తీసుకున్నాడు.

"వీడికి లెక్కలంటే ప్రాణమంట గదా నాయనా," అన్నాడు తాతతో. "సరే, ఒక లెక్క ఇస్తా. చేసినాడంటే హైస్కూలు. చెయ్యలేదంటే మగ్గం. వాని తెలివిని బట్టి వాడే తేల్చుకుంటాడు. ఎవరి మీదా నిష్ఠూరం ఉండదు."

దూలం వైపు ఒక్క క్షణం చూసి, బలపంతో సంఖ్య రాశాడు. "ఇది రెండు సంఖ్యల గుణకారం. అబద్ధం చెప్పను, విడిపోతాది. ఆ రెండూ ఏవో చెప్పు. మీ నాయన మగ్గానికి కొత్త పడుగు ఎక్కించే రోజు దాకా టైం ఉండాది."

తాత ముఖం తేలికపడింది. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి వింది. నేనైతే సంతోషంతో ఉబ్బిపోయాను. ఇంతమందిలో నాకొక పరీక్ష పెట్టారంటే నన్నొక మనిషిగా లెక్కలోకి తీసుకున్నారనుకున్నాను. ఆ ఉబ్బు గురించి ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. చిన్నాన్న వద్దని ఉంటే సరిపోయేది. వద్దన్నవాడి మీద కోపం వస్తుంది, నాలుగు రోజులుండి పోతుంది. నా చేతనే ఓడించి, నా కాళ్లతోనే నన్ను గుంతలోకి నడిపించి, పైగా నా తెలివి ఇంతేనని నా చేతనే ఒప్పించాలని చూసినవాడి మీద కోపం ఎక్కడికి పోతుంది? నాది ఇక్కడే ఉంది.

వేసవి ఎండలో వెనకవాకిట్లో కూర్చుని భాగించాను. పదకొండు, పదమూడు, పదిహేడు. పలక నిండితే మోచేత్తో తుడిచి మళ్లీ మొదలు. తుడిచినప్పుడు ఎక్కడిదాకా వచ్చానో కూడా తుడిచిపెట్టుకుపోయేది. ఇరవైమూడుతో ఎన్నిసార్లు భాగించానో నాకూ తెలియదు, పాపం ఇరవైమూడుకూ తెలియదు. పడుగు ఎక్కించే రోజు దగ్గరపడింది. లోపల అమ్మ రాట్నం తిప్పుతూ ఆ పడుగుకే నూలు కండెలు చుడుతోంది. ఆ రాట్నం చప్పుడు వింటూ వందకు కొంచెం అటూ ఇటూ ఎక్కడో ఉన్నప్పుడు నాకు తిక్క లేచింది. పలకను మెట్టుకేసి కొట్టాను.

ఆ చప్పుడుకు వెనక గోడ మీదుగా పక్కింటి అక్క తల కనిపించింది.

అక్కవాళ్ల నాన్న దర్జీ. యుద్ధం రోజుల్లో దండులో, అంటే కంటోన్మెంటులో, సోల్జర్లకు ఖాకీ కుట్టి నిలదొక్కుకున్న ఇల్లు వాళ్లది. అక్క హైస్కూలు పూర్తి చేసి, టీచరు ట్రైనింగుకు పోతుండేది. ఆ రోజుల్లో మా సందులో అంత చదివిన ఆడపిల్ల ఇంకొకరు లేరు. నోరు కూడా అంతే. ఆమె వీధిలోంచి నడిచిపోతుంటే అరుగుల మీది పెద్దమనుషులు కాళ్లు ముడుచుకునేవారు. గౌరవం కాదు, భయం.

"ఏమప్పా, పలక ఏం పాపం చేసింది?" అంది.

జరిగింది చెప్పాను. గోడ మీదుగా చెయ్యి చాచి పలక పెంకులు అడిగింది. రెండు పెంకులు ఒకదాని పక్కన ఒకటి పెట్టి సంఖ్య చదివింది. ఆమె నవ్వుతుందనుకున్నాను. ముక్కుపుటాలు అదిరాయి.

"ఇట్లాంటి లెక్క నాకూ మా ఇంట్లో ఒకటి ఇచ్చినార్రా," అంది. "ఫస్టుక్లాసులో పాసయితే కాలేజీ సంగతి చూద్దామన్నారు. పాసయినాను. ఇంగా చూస్తానే ఉండారు."

గోడ దూకి రమ్మంది. దూకాను.

వాళ్ల ఇంట్లోకి వెళ్లడమంటే నాకు మొదటినుంచీ కొంచెం జంకు. కారణం కత్తెర. మా ఇంట్లో కత్తెర ఉండేది కాదు. నేసిన గుడ్డకు మన చేత్తో కత్తెర వెయ్యకూడదన్నది మా తాత ముత్తాతల నాటి కట్టుబాటు. మగ్గం మీదినుంచి చీర దించేటప్పుడు కూడా, నెయ్యకుండా వదిలిన పోగుల దగ్గర చిన్న చాకుతో కోసేవాళ్లేగాని, నేత మీద లోహం పడనిచ్చేవాళ్లు కాదు. అక్కవాళ్ల ఇంట్లో మూడు కత్తెరలు మేకుకు వేలాడుతుండేవి. నా కంటికి అది కసాయి కొట్టులాగే ఉండేది.

"ముందు ఇది చెప్పు," అంది అక్క. "ఇన్నిరోజులూ ఏం చేసినావు?"

"భాగించినాను."

"ఎట్లా?"

"పోగులు పంచినట్టు. కట్టకు ఇన్నేసి పోగులని పంచుకుంటా పోయేది. చివర్న పోగు మిగలకుంటే అదే జవాబు."

అక్క తల ఊపింది. "అదీ మీ ఇంటి రోగం. మీకు లెక్కంటే పోగులు. తొమ్మిది కోట్ల పోగులు పంచేదానికి నీకు పెళ్లయి పిల్లలు పుట్టినా చాలదు. ఆ సంఖ్య మీద ఎందుకురా కోపం నీకు? అది సుమ్మనే, ఊరికే కూర్చోనుండాది. దాన్ని కుట్టినవాని మీద చూపించు. అదేమన్నా ఆకాశంలోంచి ఊడిపడిందా? మీ చిన్నాన్న రెండు ముక్కలు తెచ్చి కుట్టినాడు. ఎట్లా కుట్టినాడు, అది చూడు. కాగితం మీద గుణించినాడా?"

"లేదు. దూలం చూసి రాసేసినాడు."

అక్క కళ్లు మెరిశాయి. ఆ మెరుపు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. "అట్లనా," అంది మెల్లగా. "అయితే సోమరిపని చేసినాడు. సోమరివాడు ఎప్పుడూ చదునుగా ఉండే చోటు పక్కనే నిలబడుకుంటాడు. ఈ సంఖ్యకు పక్కన చదునైన చోటు ఏదుండాది?"

నాకు అర్థం కాలేదు. నా నెత్తిన ఒక మొట్టికాయ వేసి మళ్లీ అడిగింది. అప్పుడు చెప్పాను: పది కోట్లు. ఎంత తక్కువ? తీసివేసి చూశాను. నాలుగువేల ఏడువందల అరవైఒకటి తక్కువ. పది కోట్లు దేని చదరం? దాన్ని దానితోనే గుణిస్తే పది కోట్లు వచ్చేది ఏది? పదివేలు. మరి తక్కువైన ఆ నాలుగువేల చిల్లర కూడా దేనికైనా చదరమా? డెబ్భై డెబ్భైలు నాలుగువేల తొమ్మిదివందలు; కొంచెం ఎక్కువైంది. అరవైతొమ్మిది అరవైతొమ్మిదులు వేశాను. సరిగ్గా దిగింది.

అక్క ఖాకీ ముక్క ఒకటి తీసి నాలుగు వైపులా సమంగా కత్తిరించింది. కత్తెర చప్పుడుకు నా వీపు మీద చీమలు పాకినట్టయింది. "ఇది పదివేల మూరల పొడవు, పదివేల మూరల వెడల్పు ఉండే గుడ్డ అనుకో. మొత్తం పది కోట్ల గళ్లు. దీని మూలలోనుంచి అరవైతొమ్మిది మూరల చదరం తీసేస్తాము." కరకరమని ఒక మూల కత్తిరించి పారేసింది. "మిగిలింది ఎంత?"

"చిన్నాన్న సంఖ్య."

"దీన్ని నాలుగు మూలలుండే దీర్ఘచతురస్రం చెయ్యి, చూస్తాం."

మూల పోయిన గుడ్డ, ఎలక కొరికిన రొట్టెలా నా ముందు పడి ఉంది. కత్తెర నా చేతిలో పెట్టింది. మా తాత చూస్తాడేమోనని వాకిలి వైపు ఒకసారి చూశాను. అక్క పని నాకు వదిలి గోడకు ఆనుకుని కూర్చుంది. గుడ్డను తిప్పాను, మళ్లీ తిప్పాను. కత్తిరించిన మూల పక్కన సన్నటి పట్టీ ఒకటి బయటికి పొడుచుకుని ఉంది. దాన్ని విడదీస్తే మిగిలింది నిండు ముక్క. ఆ పట్టీని తిప్పి, పెద్ద ముక్క చివర అడ్డంగా ఆనించి పెడితే అంచుకు అంచు సరిపోయింది. మూల లేని గుడ్డకు మూలలు నాలుగూ వచ్చాయి. వెడల్పు అరవైతొమ్మిది తగ్గింది. పొడవు అరవైతొమ్మిది పెరిగింది.

తొమ్మిదివేల తొమ్మిదివందల ముప్ఫైఒకటి. పదివేల అరవైతొమ్మిది.

భాగహారం లేదు, శేషం లేదు. నాకు ముందు ఏడుపు వచ్చింది. ఆ తరవాత కోపం వచ్చింది, ఈసారి సరైన మనిషి మీద. తొంభైఎనిమిది నూటరెండుల గారడీ కూడా ఇదే కదా. వందకు రెండు ఇటు, రెండు అటు. ఇన్నేళ్లూ అరుగు మీద మా చేత నోళ్లు తెరిపించింది ఈ ఖాకీ గుడ్డే.

వెళ్లబోతుంటే అక్క పిలిచి ఒకమాట చెప్పింది. "ఎవరో చెప్పిచ్చినారంటాడు. అప్పుడు తిట్టద్దు, ఏడవద్దు. ఇంకోటి ఇవ్వు చిన్నాన్నా అని అడుగు. సోమరివాడు రెండోసారీ సోమరివాడే."

పడుగు ఎక్కించే రోజు వచ్చింది. మగ్గానికి పసుపు రాసి, దీపం పెట్టి, కొబ్బరికాయ సిద్ధంగా ఉంచారు. సందులోని పెద్దవాళ్లు నలుగురు వచ్చి కూర్చున్నారు. నాకు కొత్త పంచె కట్టారు. ఏ పనికో అందరికీ తెలుసు. చిన్నాన్న చాలా ప్రేమగా నా భుజం మీద చెయ్యి వేసి, ఏమిరా లెక్క అయిందా అని అడిగాడు. ఆ ప్రేమ ఉంది చూశారూ, అది ఇప్పటికీ నా భుజం మీద దురద పెడుతుంది.

రెండు సంఖ్యలూ చెప్పాను.

చెయ్యి తీసేశాడు. తాతకు గుణకారం రాదు. కొడుకు ముఖం చూసి అడిగాడు, "అవునా కాదా చెప్పప్పా."

"అవును," అన్నాడు చిన్నాన్న, దవడ కదపకుండా. "వీడు చేసింది కాదు నాయనా. ఎవరో చెప్పిచ్చినారు. ఇది లెక్కలోకి రాదు."

తిట్లు నాలుక చివరిదాకా వచ్చి నిలబడ్డాయి. మింగేసి, అక్క చెప్పినమాటే అన్నాను. ఇంకోటి ఇవ్వు చిన్నాన్నా. నలుగురిలో కాదనలేక, ఆయన దూలం వైపు చూశాడు. చూస్తున్నంతసేపూ నేను లోపల మొక్కుకుంటున్నాను, కాగితం అడగకూడదు, కాగితం అడగకూడదని. అడగలేదు. నోటితోనే చెప్పాడు: తొమ్మిది లక్షల తొంభైతొమ్మిది వేల తొమ్మిదివందల పంతొమ్మిది.

పది లక్షలకు ఎనభైఒకటి తక్కువ. వెయ్యి వేలు పది లక్షలు. తొమ్మిది తొమ్మిదులు ఎనభైఒకటి. ఆయన నోరు మూసేలోపల నేను నోరు తెరిచాను. "తొమ్మిదివందల తొంభైఒకటి, వెయ్యిన్ని తొమ్మిది."

వచ్చినవాళ్లలో ఒకాయన నవ్వును దగ్గుతో కప్పుకున్నాడు. తాత నా వైపు కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. కథ ఇక్కడ ఆగిపోయి ఉంటే నేనూ ఇన్నాళ్లు కోపంగా ఉండేవాణ్ని కాను. గెలిచినవాడికి కోపం ఎందుకు? కాని చిన్నాన్న ఓడిపోలేదు. నెమ్మదిగా నవ్వి, "మంచిది, సంఖ్య విడిపోయె. మగ్గంలో ఎవరు కూర్చుంటారు?" అన్నాడు.

ఆ ప్రశ్నకు ఖాకీ గుడ్డలో జవాబు లేదు. తాత తల దించుకున్నాడు. ఆయన ఏం చెప్పబోతున్నాడో నాకు తెలిసిపోయింది. నా కొత్త పంచె నాకు అప్పుడే బిగుతయింది.

అప్పుడు అమ్మ వచ్చింది. మా ఇంట్లో ఆడవాళ్లు కండెలు చుట్టేవాళ్లు, పడుగుకు గంజి పెట్టేవాళ్లు. గుంతలో మాత్రం దిగేవాళ్లు కాదు. గుంత మగవాడి చోటు. అమ్మ కొంగు నడుముకు దోపుకుని, దీపానికి దండం పెట్టి, అందరూ చూస్తుండగా నాయన గుంతలో దిగి కూర్చుంది.

"ఆడది గుంతలో దిగేదేమి వదినా?" అన్నాడు చిన్నాన్న.

"దిగినాను గదప్పా," అంది అమ్మ, పోగులు సర్దుకుంటూ. "ఆనేకల్లులో, పుట్టింట్లో, మా అన్నల పక్కన కూర్చోని నేర్చుకున్నా. వాళ్లు అన్నానికి లేస్తే నేను నేసేదాన్ని. మామా, మీరు కాయ కొట్టండి."

తాత లేచి కాయ కొట్టాడు. నేను ఆ జూన్‌లో హైస్కూలులో చేరాను.

అమ్మ ఆ గుంతలో నాకు ఉద్యోగం వచ్చేదాకా కూర్చుంది. పొద్దున వంట, ఆ తరవాత మగ్గం, మధ్యలో రాట్నం కూడా తనే. నేను బీజగణితం వల్లె వేస్తుంటే పక్కనుంచి పోగు మోసే నాడె అటూ ఇటూ పరిగెత్తే చప్పుడు. వాన కాలంలో గుంతలో చెమ్మ ఊరి ఆమె మోకాళ్లు పట్టేసేవి. నా చదువు నిశ్శేషంగా సాగిందని నేను ఎవరికీ చెప్పలేను. శేషం అమ్మ మోకాళ్లలో ఉంది. చిన్నాన్నకు మగ్గం రాకనా? పుట్టి పెరిగింది ఆ గుంత పక్కనే. మిల్లునుంచి వచ్చాక సాయంత్రాలు అరుగు మీద లెక్కలు చెప్పే టైములో రెండు మూరలు నేసి ఉంటే ఏమయ్యేది? ఆ ప్రశ్న మా ఇంట్లో ఎవరూ అడగలేదు. భాగాలు పంచేది ఎప్పుడూ ఆయన, హారం మాత్రం మా మెడల్లో.

తరవాత నేను లెక్కల మాస్టరునయ్యాను. అక్క కూడా టీచరయింది. కాలేజీ సంగతి మాత్రం వాళ్ల ఇంట్లో చూస్తూనే ఉండిపోయారు. ఆ వేసవి మధ్యాహ్నం ఆమె నాకు ఇచ్చింది ఒక సూత్రం కాదు. సూత్రం ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. దాటలేని గోడ ఒకటి ఎవరైనా నా ముందు పెడితే, గోడను తలతో గుద్దడం మానేసి, కట్టినవాడికి ఏది సులువయిందో చూడటం నేర్చుకున్నాను. ఉద్యోగంలోనూ, ఆఫీసుల్లోనూ, పెళ్లి మాటల్లోనూ గోడ అనుకున్నది చాలాసార్లు ఎవరి బద్ధకమో అయ్యేది. ఇంకొకటి కూడా నాతో ఉండిపోయింది. ఓడిపోవాలని ఏ పిల్లవాడికీ నేను లెక్క ఇవ్వలేదు.

పిల్లలకు ఇవ్వలేదు. ముసలివాళ్ల సంగతి వేరు.

చిన్నాన్న రిటైరయి, అన్నివిధాలా పెద్దవాడయి, రోజూ సాయంత్రం మా ఇంటికి వచ్చి కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. అప్పటికి అమ్మ పోయింది. వచ్చినవాళ్లందరికీ ఆయన ఒకటే చెప్పేవాడు: వీనికి లెక్కల పిచ్చి అంటించింది నేనే, చిన్నప్పుడు ఒక లెక్క ఇచ్చినా, దాంతోనే వీడు మాస్టరయినాడు. నేను కాఫీ తాగుతూ వినేవాణ్ని. ఒకరోజు, పొద్దు పోవడం లేదురా, నాకూ ఏదన్నా ఒక లెక్క ఇవ్వు, నువ్వు చిన్నప్పుడు చేసినట్లాంటిది అని అడిగాడు.

9,99,99,989 అని రాసి ఇచ్చాను. పది కోట్లకు పదకొండు తక్కువ. "విడిపోతుంది చిన్నాన్నా," అన్నాను, "కొంచెం ఓపిక పట్టాలి."

దాన్ని లోకంలో ఏ సంఖ్యా విడగొట్టలేదు. ఒకటీ, అదీ తప్ప దాన్ని భాగించేది పుట్టలేదు. ఆయన నాతో అబద్ధమాడలేదు, నేనాడాను. పదకొండు చదరం కాదే అని గొణుక్కుంటూ వెళ్లాడు. ఆ తరవాత వచ్చినప్పుడల్లా వరండాలో కూర్చుని భాగించేవాడు. కాఫీ చల్లారిపోయేది. నన్ను మాస్టరును చేసిన కథ వచ్చినవాళ్లకు చెప్పడం మానేశాడు. ఇంకా దొరకలేదురా అనేవాడు. దొరుకుతుంది, చూడు అనేవాణ్ని.

ఆయన మనవరాలు అప్పుడు కాలేజీలో లెక్కలు చదువుతోంది. వేసవిలో ఒక సాయంత్రం తాతను ఇంటికి తీసుకుపోవడానికి వచ్చి, ఆయన వరండాలో భాగిస్తుండగా లోపలికి వచ్చి నా పక్కన నిలబడింది.

"పెదనాన్నా, తాతకిచ్చిన నంబరు నేను చూసినాను. అది విడిపోయేది కాదు గదా?"

"కాదమ్మా."

నా ముఖం చూసింది. గోడ మీద అమ్మ ఫోటో చూసింది. వాళ్ల ఇంట్లో ఆ పాత కథ ఎవరు ఎలా చెప్పారో నాకు తెలియదు.

"మరి తాతకు చెప్పేదా?"

"చెప్పు," అన్నాను. "ముందు దసరా దాటనీ."